కల్‌పో ఆటు గ్లాసు

సుగ్యంగ్ కాపురానికొచ్చిన మొదటి వారంలోనే అత్తగారు ఇమ్‌సున్ ఆమెను బురదలోకి దింపింది. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడిగించి, చేతికి వంకర గుద్దలి ఇచ్చి, "నా వెనకాలే రా, నా అడుగులో అడుగెయ్యి" అంది. సుగ్యంగ్ సముద్రం లేని పట్నంలో పుట్టి పెరిగింది. నాలుగడుగులు వేసేసరికి బురద ఆమె బూట్లను పట్టేసుకుంది. లాగింది, గింజుకుంది. చివరికి కాళ్లు బయటికొచ్చాయి గాని బూట్లు లోపలే ఉండిపోయాయి. మేజోళ్లతో బురదలో చతికిలబడ్డ కొత్తకోడల్ని చూసి, చుట్టుపక్కల గుల్లలు తవ్వుకుంటున్న ఆడవాళ్లంతా నడుములు పట్టుకుని నవ్వారు.

"ఏమే, బూట్లు నాటేశావా?" అంది ఇమ్‌సున్. "మంచిదేలే. వచ్చే ఏటికి చెట్టు మొలిస్తే ఊరందరికీ తలో జత కోసిద్దాం."

ఆ మాట కల్‌పోలో చాలా ఏళ్లు నడిచింది. సుగ్యంగ్ గొడుగు పోగొట్టుకున్నా, దువ్వెన కనపడక వెతుక్కుంటున్నా, "ఎక్కడ నాటావో గుర్తు తెచ్చుకో" అనేవాళ్లు.

ఆమె పెళ్లి సియోల్‌లో ఒలింపిక్స్ జరిగిన మరుసటేడు అయింది. అంతకు ముందు దేజన్‌లో లాంతరు చిమ్నీలు, దీపాల డోములు చేసే ఫ్యాక్టరీలో ఉండేది. చేరింది ఊడ్చే పనికి. గాజు ఊదేవాళ్లలో ఒకాయన జబ్బుపడి రాని రోజున ఎవరూ చూడకుండా ఆయన గొట్టం అందుకుంది. పొడుగాటి ఇనుప గొట్టం కొసన ఎర్రగా కాలిన గాజు ముద్దను తీసుకుని, తిప్పుతూ తిప్పుతూ ఊపిరి పంపితే అది బుడగలా ఉబ్బింది. అది వంకరగా వచ్చింది, పగిలిపోయింది కూడా. అయినా మేస్త్రీ తిట్టలేదు. "ఆడపిల్ల ఊపిరి, అదుపులో ఉంది" అని పని నేర్పాడు. తర్వాత ఫ్యాక్టరీకి యంత్రాలొచ్చాయి, ఊదేవాళ్ల అవసరం తీరిపోయింది. అప్పటికే ఆ ఫ్యాక్టరీకి లారీ తోలే దొక్‌మాన్‌తో ఆమెకు మనసు కలిసింది. అతను తల్లి దగ్గరికి, పడమటి తీరంలోని కల్‌పోకి వెళ్లిపోతానంటే వెంట వచ్చేసింది.

గాజుపని మాత్రం ఆమెను వదల్లేదు. అయిపోయిన నెల క్యాలెండర్ కాగితం చింపి, వెనక వైపు గ్లాసుల బొమ్మలు గీసేది. అన్నం గిన్నెలాంటి గ్లాసు, సొరబుర్రలాంటి గ్లాసు, కొండ వాలులాంటి గ్లాసు. కొలిమి ఉంటే ఇవన్నీ చెయ్యొచ్చు. కొలిమి అంటే మాటలా? ఒకసారి వెలిగిస్తే రాత్రీ పగలూ ఆర్పకూడదు. గుల్లలమ్మే ఇంట్లో అలాంటి మాట ఎత్తడానికి ఆమెకు నోరు రాలేదు.

గుల్లలు ఏరడం ఆమెకు ఎప్పటికీ చేతకాలేదు. సముద్రం వెనక్కి తీశాక కనుచూపు మేర బురద బయటపడేది. దాని మీద అలలు గీసి వదిలిన గీతలు, ఆ గీతల మధ్య నిలిచిన పలచటి నీళ్లు, నీళ్లలో ఆకాశం. గుల్లలు ఊపిరి తీసే సన్నటి కన్నాలు. సుగ్యంగ్ గుద్దలి పక్కన పెట్టి వాటిని చూస్తూ కూర్చునేది.

"గుల్లలేరవే అంటే గీతలేరుతోంది" అని ఇమ్‌సున్ పక్కవాళ్లతో చెప్పేది. "సాయంత్రం పులుసులో అవే వేసి పెడతాలే దీనికి."

ఇమ్‌సున్ మొగుడు ముప్పై దాటకుండానే పోయాడు. ముగ్గురు పిల్లల్ని ఆ బురదే సాకింది. పలకలాంటి పొడుగాటి చెక్క మీద ఒక మోకాలు మోపి, రెండో కాలితో తోసుకుంటూ ఆమె బురద మీద జారుతూ పోతుంటే పాతికేళ్ల వాళ్లు కూడా అందుకోలేకపోయేవాళ్లు. మళ్లీ పెళ్లి చేసుకోలేదేం అని ఎవరైనా అడిగితే బురదవైపు చెయ్యి చూపించేది.

"అదిగో, చేసుకున్నాగా. తాగడు, కొట్టడు. రోజుకి రెండుసార్లు వస్తాడు, రెండుసార్లు పోతాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెస్తాడు. మీ మొగుళ్లలో ఇలాంటివాడు ఒక్కడున్నాడేమో చెప్పండి."

అలాంటి మనిషి దగ్గరికి ముద్ర అడగడానికొచ్చారు.

సముద్రానికి అడ్డంగా, ఈ కొన నుంచి ఆ కొనకి, పెద్ద కట్ట కడతారట. లోపలి బురదంతా పొలాలవుతుందట, ఫ్యాక్టరీలు వస్తాయట. గుల్లలేరుకునే హక్కున్న ప్రతి ఇంటికీ నష్టపరిహారం ఇస్తారు, దానికి ఇంటి పెద్ద ఒప్పుకుని సంతకం బదులు తన పేరు ముద్ర వెయ్యాలి. మత్స్య సంఘం పెద్ద నంగుంగ్ కాగితాలు సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మొదట్లో ఎవరూ ఒప్పుకోలేదు. తర్వాత పడవ అప్పులున్నవాళ్లు వేశారు, కొడుకుల్ని పట్నంలో చదివించేవాళ్లు వేశారు. దొక్‌మాన్‌కి కట్ట పనిలోనే రాళ్లు మోసే లారీ దొరికింది. చివరికి ఆ వీధిలో మిగిలింది ఇమ్‌సున్ ఒక్కతే.

"వదినా, నువ్వొక్కదానివీ వెయ్యకపోతే కట్ట ఆగుతుందా?" అన్నాడు నంగుంగ్.

"ఆగదు. మరి ఆగనిదానికి నా ముద్రెందుకు నాయనా? నన్నొదిలేసి కట్టుకోండి."

అతను తల గోక్కుంటూ వెళ్లిపోయేవాడు. మళ్లీ వారానికి మళ్లీ వచ్చేవాడు.

శీతాకాలానికి కిమ్చి పెట్టే రోజులవి. అత్తాకోడళ్లు పెరట్లో కూర్చుని ఉప్పులో నానిన క్యాబేజీలకు కారం పూస్తున్నారు. ఇమ్‌సున్ లేవబోయి, మోకాలు పట్టుకుని, మళ్లీ కూర్చుండిపోయింది. సుగ్యంగ్ అది చూసింది.

"అత్తయ్యా, ఒక మాట అంటాను, కోప్పడకండి" అంది. "ఈ మోకాళ్లతో ఇంకెన్నాళ్లు దిగుతారు బురదలోకి? చలికాలమంతా రాత్రుళ్లు మూలుగుతూనే ఉంటారు. పక్కగదిలో నాకు వినపడదా? అందరూ వేసేశారు. మీరు వెయ్యకపోయినా సముద్రం ఎలాగూ పోతుంది. చేతికొచ్చేదైనా రానివ్వండి. కూర్చుని తినండి నాలుగు రోజులు."

ఇమ్‌సున్ వేళ్ల నిండా కారంతో కోడలివైపు చూసింది. తర్వాత క్యాబేజీ ఆకు ఒకటి చుట్టి కోడలి నోట్లో పెట్టి, "ఉప్పు చాలిందా?" అని అడిగింది.

"చాలింది."

"సరే అయితే."

మర్నాడు తనే నడిచి సంఘం ఆఫీసుకి వెళ్లి ముద్ర వేసొచ్చింది. డబ్బు బ్యాంకులో పడ్డాక పాస్‌బుక్ తెచ్చి కోడలి ఒళ్లో పడేసింది.

"నీ కొలిమికి సరిపోతుందో లేదో చూసుకో."

కొలిమి సంగతి సుగ్యంగ్ ఎప్పుడూ అత్తతో అనలేదు. మోకాళ్ల గురించి మాట్లాడేటప్పుడు కూడా మోకాళ్ల గురించే మాట్లాడింది. ఆ మోకాళ్ల నొప్పి నిజమే, అది చూసి తను బాధపడటమూ నిజమే. కానీ ఆ మాటల అడుగున కొలిమి ఉందని తనకు తెలుసు. అత్తకు కూడా తెలుసని ఆ పాస్‌బుక్ ఒళ్లో పడ్డప్పుడే తెలిసింది. వద్దని తిరిగి ఇచ్చేయాల్సింది. ఆ తర్వాత జీవితంలో ఎన్నోసార్లు మనసులో తిరిగి ఇచ్చేసింది. ఆ రోజు మాత్రం ఇవ్వలేదు. రెండు చేతులతో అందుకుని, నేలకు తల ఆనించి దణ్ణం పెట్టింది.

పెరటి వెనక వలలు దాచే కొట్టంలో కొలిమి లేచింది. మొదటి ఏళ్లలో ఆమె చేసిన పూలకుండీలూ జగ్గులూ పెద్దగా అమ్ముడుపోలేదు. వాటిలో తప్పు లేదు, ప్రత్యేకత కూడా లేదు. సియోల్‌లో చిన్న దుకాణం నడిపే యాంగ్ అనే ఆవిడ మొహమాటానికి కొన్ని పెట్టుకునేది. "చెయ్యి మంచిదే మీది. కానీ ఇవి ఎవరైనా చెయ్యొచ్చు కదండీ" అనేది మెల్లగా.

కట్ట మాత్రం ఏళ్లకేళ్లు సాగింది. ఒకసారి కోర్టు ఆపింది, ఒకసారి ప్రభుత్వం మారి ఆగింది. ఊళ్లోవాళ్లకు అది పూర్తవుతుందనే నమ్మకం పోయింది. నష్టపరిహారం ఖర్చయిపోయింది, బురద మాత్రం అలాగే ఉంది. ఇమ్‌సున్ రోజూ చెక్క వేసుకుని దిగుతూనే ఉంది. "వాళ్లు డబ్బిచ్చి సరుకు తీసుకెళ్లడం మర్చిపోయారు" అని నవ్వేది. సుగ్యంగ్ మనసులోని బరువు కూడా ఆ ఏళ్లలో కొంచెం తేలికపడింది. ఏమో, ఇలాగే గడిచిపోతుందేమో అనుకుంది.

గడవలేదు. ఒక వసంతకాలంలో ఆఖరి సందు మూసేశారు. ఊరంతా గట్టు మీదికెక్కి చూసింది. రెండు వైపుల నుంచీ లారీలు రాళ్లు కుమ్మరిస్తుంటే మధ్యలో నీళ్లు కాసేపు సుడి తిరిగి, తర్వాత నెమ్మదించాయి. ఆ లారీల్లో ఒకటి దొక్‌మాన్‌ది. ఆ రోజు ఇంటికొచ్చి తల్లి ముఖం చూడలేక అన్నం తినకుండానే పడుకున్నాడు. పోటు వేళయింది, సముద్రం రాలేదు. మర్నాడూ రాలేదు. బురద ఎండి, తెల్లగా ఉప్పు పూసి, బీటలు వారింది.

కొన్ని వారాలకు పెద్ద వాన పడింది. వాన మొదలవగానే ఇమ్‌సున్ గొడుగు కూడా లేకుండా గట్టు దిగి పరిగెత్తింది. సుగ్యంగ్ ఆమె వెనకాల వెళ్లింది. ఎండిన బురద మీద నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలోకి, లోపలెక్కడో ఓపిక పట్టి దాక్కున్న గుల్లలన్నీ పైకొచ్చేశాయి. ఎటు చూసినా అవే. నోళ్లు తెరుచుకుని, నాలుకలు చాపి, వాన నీళ్లు తాగుతున్నాయి. చుట్టూ సన్నటి చప్పుడు, చారు మరుగుతున్నట్టు.

"సముద్రం వచ్చిందనుకున్నాయి" అంది ఇమ్‌సున్. "పిచ్చిముండలు."

చేతిలో బకెట్ ఉంది. ఒక్కటి కూడా ఏరలేదు. జుట్టు నుంచి నీళ్లు కారుతుంటే అలాగే నిలబడింది. సుగ్యంగ్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇమ్‌సున్ చెయ్యి విడిపించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. వాన తగ్గి ఎండ కాసింది. రెండు రోజులకు ఊరంతా కంపు. ఆ కంపు ఎండాకాలం దాటేదాకా పోలేదు.

ఆ తర్వాత ఇమ్‌సున్ మిగతా ఆడవాళ్లతో పాటు వ్యాన్ ఎక్కి ఉల్లి పొలాలకు, వెల్లుల్లి పొలాలకు కూలికి వెళ్లడం మొదలుపెట్టింది. సుగ్యంగ్ వద్దంది. కూర్చుని తినమంది. "కూర్చుని ఎలా తింటారో నాకు రాదే, ఎవరూ నేర్పలేదు" అంది ఇమ్‌సున్. ఆరు నెలలు తిరక్కుండా ఆమె కుంటడం మొదలుపెట్టింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, మోకాళ్లు అరిగాయన్నాడు.

"మరి బురదలో ఇంత నొప్పి ఉండేది కాదేమయ్యా?" అని అడిగింది డాక్టర్ని. ఆయన జవాబు చెప్పేలోపే తనే, "అక్కడ నా ఒళ్లు బురద మోసేది. ఇక్కడ నేనే మోసుకోవాలి, అంతేలే" అని బూటు తొడుక్కుంది. పక్కన కూర్చున్న కోడలు తల ఎత్తలేదు.

ఆ శీతాకాలమే సుగ్యంగ్ పియర్ చెక్క దుంగ ఒకటి ముందు పెట్టుకుని అచ్చు చెక్కడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావని దొక్‌మాన్ అడిగితే తెలియదంది. చేతులకు మాత్రం తెలుసు. ఇన్నేళ్లూ గుల్లలు ఏరకుండా చూస్తూ కూర్చున్న గీతలవి. ఒకవైపు నిదానంగా వాలి, ఇంకోవైపు చటుక్కున తెగిన గీతలు, ఒకదానితో ఒకటి కలిసి, మళ్లీ విడిపోయి. నీళ్లలో నానబెట్టిన ఆ అచ్చులోకి కాలిన గాజు ముద్దను దింపి ఊదితే గీతలు గ్లాసు లోపలి వైపు పడాలి. మొదటివి పడలేదు. పడ్డవి చల్లారేటప్పుడు చిట్లాయి. ఆకారం కోసం కూడా చాలా రోజులు కొట్టుకుంది. మక్కొల్లి, ఆ తెల్లటి బియ్యపు కల్లు, గిన్నెలో తాగేది. గ్లాసులో పోస్తే దాని మర్యాద పోతుందంటారు పెద్దవాళ్లు. అందుకని గిన్నెలా నోరు వెడల్పు పెట్టి, అడుగు బరువు చేసి, పక్కన రెండు వైపులా బొటనవేళ్లు ఆనే పల్లాలు నొక్కింది. పెద్దవాళ్ల దగ్గర గ్లాసు రెండు చేతులతోనే పుచ్చుకోవాలి కదా. ఈ గ్లాసు పట్టుకుంటే రెండు చేతులూ వాటంతటవే వస్తాయి.

ఒక రోజు ఇమ్‌సున్ బకెట్‌తో కొట్టంలోకొచ్చింది. దాని నిండా చచ్చిన గుల్లల పెంకులు.

"గట్టు కింద గుట్టలుగా పడున్నాయి. నీ పొయ్యికి దేనికన్నా పనికొస్తాయా?"

సుగ్యంగ్ వాటిని దంచి పొడి చేసి, వేడి గాజు ముద్దను ఆ పొడిలో ఒకసారి పొర్లించి, మీద ఇంకో పొర గాజు ఎక్కించి ఊదింది. పొడి లోపల పొంగి, ఆవగింజల్లో సగం కూడా లేని బుడగలు వచ్చాయి. గ్లాసంతా కాదు, అడుగు దగ్గర మాత్రం. సరిగ్గా గుల్లలు ఊపిరి తీసే కన్నాల్లా ఉన్నాయి.

బాగా వచ్చిన మొదటి గ్లాసులో మక్కొల్లి పోసి రెండు చేతులతో అత్తగారికి అందించింది. ఇమ్‌సున్ ఒక గుక్క తాగి కిందికి చూసింది. ఇంకో గుక్క. కల్లు దిగుతున్న కొద్దీ లోపలి గీతల్లో తెల్లటి తడి నిలిచిపోతూ, మెరుస్తూ, సన్నగా కిందికి జారుతోంది. మొత్తం తాగేసి గ్లాసును వెలుతురుకి పెట్టి తిప్పింది.

"ఆటు" అంది. అంటే సముద్రం తీస్తున్న వేళ.

కాసేపాగి, "ఇంకోటి పొయ్యి" అంది.

సుగ్యంగ్ అలా పోస్తూ ఏడ్చింది. ఇమ్‌సున్ అది చూడనట్టే తాగింది.

ఆ గ్లాసుకు అదే పేరు నిలిచింది. యాంగ్ గారు దుకాణం కిటికీలో పెట్టిన వారానికే పత్రికవాళ్లొచ్చారు. ఫోటోలు, ప్రదర్శనలు. ఒక పెద్ద హోటలు ఆర్డరిచ్చింది. "పోయిన సముద్రాన్ని ఈవిడ గాజులో బతికించింది" అని రాశారు. సుగ్యంగ్ ఆ పత్రికను ఇంట్లోకి తీసుకురాకుండా కొలిమి గదిలోనే ఉంచేసింది. ఏ సముద్రం పోతే ఈ కొలిమి వచ్చిందో రాసినవాళ్లకు తెలియదు. చెబితే? నాలుగైదుసార్లు చెప్పాలనుకుంది కూడా. ఎదుటివాళ్లు మెచ్చుకుంటూ ఉంటే నవ్వి, తల వంచి ఊరుకుంది.

ఇమ్‌సున్ మాత్రం పొలం పని మానేసి, కట్ట మీది రోడ్డు పక్కన బల్ల వేసుకుని ఆటు గ్లాసులు అమ్మడం మొదలుపెట్టింది. కట్ట చూడటానికొచ్చే బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. "నా కోడలు చేసింది, పట్నం హోటళ్లలో తాగుతున్నారు దీంట్లో" అని గర్వంగా చెప్పేది. సుగ్యంగ్ ఎంత వద్దన్నా వినలేదు.

ఒకనాడు ఆమె అత్తకు వేడి పులుసు తీసుకుని వెళ్లింది. బల్ల దగ్గర జనం ఉండటంతో, ఆగి ఉన్న బస్సు పక్కనే నిలబడిపోయింది. తెల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ గ్లాసు తిప్పి చూస్తూ ఇమ్‌సున్‌తో మాట్లాడుతోంది.

"అవ్వా, బురద నిజంగా ఇలాగే ఉండేదా?"

"ఇలాగే. కాకపోతే దీన్ని రోజూ కడుక్కోవాలి. దాన్ని ఎవరో రోజుకి రెండుసార్లు కడిగిపెట్టేవారు."

జనం నవ్వారు. ఆ టోపీ ఆవిడ వదల్లేదు. "మరి ఇంత మంచిదాన్ని ఎందుకు పోనిచ్చారు? మీరంతా వద్దంటే ఆగేది కదా?"

ఇమ్‌సున్ గ్లాసుకు కాగితం చుడుతోంది. చేతులు ఆపలేదు.

"నాకు మోకాళ్ల నొప్పులమ్మా. దిగలేకపోయేదాన్ని. అందుకని నేనే ముద్ర వేసేశాను" అంది. "రెండు తీసుకోండి, ఒంటిగా తాగితే రుచుండదు."

సుగ్యంగ్ పులుసు గిన్నెతో వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసింది. తను పెరట్లో కిమ్చి దగ్గర అన్న మాటనే అత్త తన మాటగా చేసుకుని, అడిగిన ప్రతివాళ్లకూ ఇస్తోంది. ఎన్నాళ్లనుంచి ఇస్తోందో. ఆ సాయంత్రం ఏమైనా సరే చెప్పేయాలని నిశ్చయించుకుంది. అన్నాలు తింటున్నారు. దొక్‌మాన్ కూడా ఉన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే ఇమ్‌సున్ చెంచా కింద పెట్టింది.

"నేను దక్షిణాదికి పోతున్నా" అంది. "బొల్‌గ్యోలో మా పిన్ని కూతురుంది. అక్కడ బురద ఇంకా ఉంది."

దొక్‌మాన్ తినడం ఆపేశాడు. "డెబ్భై ఏళ్లొచ్చాక కూలికి పోతావా? అక్కడ నీకు హక్కు కూడా ఉండదు. ఊళ్లో నేను ముఖమెక్కడ పెట్టుకోను?"

"ముఖానికేంరా, ఉన్నచోటే ఉంచి కడుక్కో."

"ఇక్కడ నీకేం తక్కువైందమ్మా?"

ఇమ్‌సున్ ఆలోచించింది. ఎగతాళి లేకుండా, నిజంగానే జవాబు కోసం వెతుక్కున్నట్టు.

"ఏం తక్కువ కాలేదురా. మీరు బాగానే చూస్తారు. తెల్లారి లేచి గట్టెక్కితే చూడ్డానికేం లేదు. అంతే."

సుగ్యంగ్ చెప్పదలుచుకున్నది చెప్పలేదు. ఇప్పుడు చెబితే, ఉండమని బతిమాలడానికి చెబుతున్నట్టుంటుంది అనిపించింది. ఆ తర్వాత, అదే చెప్పాల్సిన సమయమని అనిపించింది. అప్పటికి అత్త ఎక్కిన బస్సు వెళ్లిపోయింది.

ఇమ్‌సున్ లేని ఇంట్లో కొలిమి మండుతూనే ఉంది. ఒకసారి సుగ్యంగ్ ఆటు గ్లాసు ఇక చెయ్యనని యాంగ్ గారికి ఫోన్ చేసి చెప్పేసింది. కొత్త గ్లాసు ఒకటి గీసింది. మంచు పడ్డ పైన్ కొమ్మలాంటిది. కొందరు బాగుందన్నారు, ఎవరూ కొనలేదు. కట్ట పని అయిపోయి దొక్‌మాన్ లారీ ఖాళీగా నిలబడి ఉంది. నాలుగు నెలలకు ఆమె మళ్లీ చెక్క అచ్చును నీళ్లలో నానబెట్టింది. గ్లాసు వెనకటిలాగే వచ్చింది. చేతులు ఒక్క గీత కూడా మర్చిపోలేదు. కనీసం అదైనా మర్చిపోయి ఉంటే బాగుండుననుకుంది.

శీతాకాలం ముగిసే వేళ ఆమె బొల్‌గ్యో వెళ్లింది. బస్టాండు నుంచి గుల్లల షెడ్డు దాకా నడిచింది. తలకు పువ్వుల రుమాళ్లు చుట్టుకున్న ముసలమ్మలు వరసగా కూర్చుని కత్తులతో గుల్లలు ఒలుస్తున్నారు. వాళ్ల మధ్యలో ఇమ్‌సున్. అందరికన్నా పెద్ద గొంతుతో ఏదో చెబుతోంది, పక్కామె నవ్వలేక కళ్లు తుడుచుకుంటోంది. నల్లబడింది, చిక్కింది. కోడల్ని చూసి లేవలేదు, చేతిలో కత్తి ఊపింది.

"వచ్చావా. కూర్చో. ఇదిగో, ఇదే నేను చెప్పిన కోడలు. పట్నం హోటళ్లవాళ్లు దీని కోసం లైనులో నిలబడతారు. కానీ గుల్ల తియ్యడం రాదు."

"నీ దగ్గర ఇన్నేళ్లుండీ నేర్చుకోలేదా?" అంది పక్కామె.

"నేర్పేలోపే సముద్రం తీసేసింది" అంది ఇమ్‌సున్. మళ్లీ నవ్వులు.

సుగ్యంగ్ చిన్న పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఒక కత్తి తీసుకుంది. కుప్పలోంచి ఒక గుల్ల అందుకుంది.

"మోకాళ్లెలా ఉన్నాయి అత్తయ్యా?"

"ఉన్నాయి. వారంలో రెండు రోజులు వీళ్ల మేనకోడలి హక్కు మీద బురదలోకి దింపుతారు. దిగితే నొప్పుండదు. పైకెక్కితేనే."

"అత్తయ్యా." సుగ్యంగ్ కత్తి ఆపింది. "ఆ రోజు కిమ్చి పెడుతూ నేను అన్నమాట..."

ఇమ్‌సున్ తల ఎత్తకుండానే కత్తి కొసతో ఆమె చేతిలోని గుల్లను తట్టింది.

"అటు తిప్పు. కీలు దగ్గర పెట్టి మెలితిప్పు. బలం పెట్టకు."

"కాదు, నేను చెప్పేది..."

"నువ్వు చెబితే నేనేదో ఒకటి అనాలి. ఇప్పుడు నా చేతులు ఖాళీ లేవే" అంది ఇమ్‌సున్. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేది. "నువ్వొక్కదానివేనా? ఊరంతా వేసింది. నేనూ వేశాను. చెయ్యి నాదే. చాలు, తీసెయ్."

సుగ్యంగ్ గుల్లను కీలు దగ్గర మెలితిప్పింది. తెరుచుకోలేదు. ఇంకోసారి మెలితిప్పింది.

ఇమ్‌సున్ మధ్యాహ్నం ఆమెకు వేడివేడిగా ఉడికించిన గుల్లలు, అన్నం పెట్టింది. ఇంటికెప్పుడు వస్తారని సుగ్యంగ్ అడిగితే, "చూద్దాంలే, చలి తగ్గనీ" అంది. ఆ చలి తగ్గింది, తర్వాతి చలీ తగ్గింది, ఆమె మాత్రం రాలేదు. సుగ్యంగ్ వెళ్తూనే ఉంది. పచ్చళ్లు, నొప్పులకు పట్టీలు తీసుకెళ్లి, అక్కడ పీట మీద కూర్చుని, చెప్పవలసింది చెప్పకుండానే తిరిగొస్తోంది. ఇమ్‌సున్ ఎప్పుడూ ఆమెను ఒట్టి చేతులతో పంపలేదు.

ఆ మొదటిసారి తిరిగొచ్చేటప్పుడు బస్సులో సుగ్యంగ్ ఒళ్లో గుల్లల సంచి ఉంది. అత్త గట్టిగా మూతి కట్టి ఇచ్చినా అందులోంచి ఉప్పునీళ్లు కారి స్కర్టు తడిసి, చెప్పుల్లోకి చేరుతున్నాయి. పక్కసీటు పెద్దాయన రెండుసార్లు కాళ్లు పక్కకు జరుపుకుని, చివరికి అన్నాడు:

"అమ్మా, అది కారుతోంది. కింద పెట్టరాదూ?"

"కారనివ్వండి" అంది సుగ్యంగ్. సంచిని రెండు చేతులతో ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.